మూడిళ్లకు కలబంద

మా అమ్మను మేం ముగ్గురం అవ్వా అనే పిలుస్తాం. కిందటేడు స్నానాల గదిలో జారిపడి కాలు విరిగాక, ఆమె ఒక్కతే ఉండే రోజులు అయిపోయాయి. దవాఖాన నుంచి జనగామలోని మా ఇంటికే తెచ్చాను. ఆమె అద్దె గది ఖాళీ చేసి సామాను ఆటోలో వేస్తే, సగం చోటు కలబందకే పోయింది.

పెయింట్ డబ్బాలో పెంచిన మొక్క అది. ఏళ్ల తరబడి ఎవరూ విడదీయలేదు. తల్లి మొక్క చుట్టూ పిల్ల మొక్కలు మొలిచి మొలిచి, డబ్బా అంచు పగిలి వేళ్లు బయటికొచ్చాయి. లోపల మట్టి కంటే వేళ్లే ఎక్కువ.

భూపాలపల్లి నుంచి అన్న, నర్సింహులపేట నుంచి చెల్లె వచ్చారు. అవ్వను వంతులవారీగా ఉంచుకుందామనుకున్నాం. ముసలివాళ్లను ఇంటికి కొన్ని నెలలని పంచుకోవడం మా వైపు కొత్తేమీ కాదు. మొదటి వంతు ఎవరిదో మాత్రం తేలలేదు. అన్న పిల్లల పరీక్షలన్నాడు. చెల్లె పత్తి ఏరే పనంది. "ఇన్నొద్దులు దవాఖాన సుట్టు తిరిగింది నేనే గద" అన్నాను నేను. అవ్వ ఆ పక్క మంచం మీదే ఉంది. ఆమె చెవులు బాగానే పనిచేస్తాయి. తలుచుకుంటే ఇప్పటికీ మా ముగ్గురి మీదా నాకు ఒళ్లు మండుతుంది.

తెల్లవారి అవ్వ వాకర్ పట్టుకుని డబ్బా దగ్గరికి వెళ్లింది.

"దీన్ని గూడ పంచుండ్రి. ఏ ఇంట్ల నిద్ర లేసినా నా కండ్లకు గిది కనవడాలె. లేకుంటె యాడున్ననో తెల్వక పరేషానైతది."

అన్న డబ్బాను నిలువునా కోశాడు. వేళ్ల ముద్ద డబ్బా ఆకారంలోనే బయటికొచ్చింది. నేను కూరగాయల కత్తితో పిల్లలను ఒక్కొక్కటిగా వేరు చేశాను. పచ్చటి జిగురు కారి చేతులన్నీ చేదు వాసన కొట్టాయి. "కోసిన కాడ తడి ఆరాలె. ఎంటనే నాటితె మురుగుతది" అని అవ్వ చెబుతూనే ఉంది. పిల్లలను నీడలో పరిచాం. ఎవరికి నచ్చినవి వాళ్లం ఏరుకున్నాం. అక్కడ మాత్రం ఏ పేచీ రాలేదు.

తల్లి మొక్క మిగిలింది. చుట్టూ ఆనుకున్న పిల్లలు పోయేసరికి ఒక పక్కకు ఒరిగిపోయింది. కింది ఆకులు ఎండి, దిక్కులేని దానిలా ఉంది.

"గీ పెద్దదాన్ని ఎవలు తీస్కపోతరు?" అంది అవ్వ.

"మా క్వార్టర్ల ఎండ పొడ రాదవ్వా" అన్నాడు అన్న.

"గంత పెద్దదాన్ని బస్సుల ఎట్ల తీస్కపోవాలె?" అంది చెల్లె.

"నా దగ్గర గంత పెద్ద కుండీ లేదు" అన్నాను నేను.

మాట జారాక గానీ మేం దేని గురించి మాట్లాడుతున్నామో నాకు తట్టలేదు. తల కొట్టేసినట్టయింది. అవ్వ ముఖం చూస్తే, ఆమెకు ముందే తెలుసని అర్థమైంది.

"అయితె దానికి మన్నెందుకు? తలకిందులు జేసి గుమ్మానికి కట్టుండ్రి."

దిష్టి తగలకుండా కలబందను వేళ్లు పైకి, ఆకులు కిందికి వేలాడదీయడం మా దగ్గర చాలా ఇళ్లలో ఉన్నదే. మట్టీ నీళ్లూ లేకున్నా నెలల తరబడి పచ్చగా ఉంటుంది.

"గాలికే బతుకుతది. ఎవలింట్లకు రాదు, బయటనే ఉంటది" అంది అవ్వ.

అన్న స్టూలెక్కి కట్టాడు. ముడి వేయడానికి చాలాసేపు పట్టింది. దిగాక మా వైపు చూడలేదు. ఈలోగా అవ్వ లోపలికి వెళ్లి, చీరలూ మందులూ సంచిలో సర్దుకుని, ఆ సంచిని వాకర్‌కు తగిలించుకుని వచ్చింది. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంది.

"ఇగ జెప్పుండ్రి. ముందుగాల నేను ఎవలింటికి పోవాలె?"