నర్సవ్వ పాట కోసం తిరిగిన మామ

మా మేనమామ పోయిన మంగళవారం పొద్దున మెదక్ దవాఖానాలో కన్నుమూశాడు. నేను అక్కడికి చేరేలోపే చుట్టాలంతా ఆయన ఫొటోను ఫోన్ స్టేటస్‌లలో పెట్టేశారు. దానికి ఏదో ఏడుపు పాట తగిలించారు, పల్లవి పూర్తి కాకముందే తెగిపోతోంది. పాడిందెవరని అడిగితే పెట్టినవాళ్లకే తెలియదు. ముప్పై ఏళ్లు పాటలమ్మిన మనిషిని సాగనంపేది ఇలాగేనా అని ఒళ్లు మండిపోయింది.

బస్టాండు దగ్గరి సందులో ఆయనది క్యాసెట్ల దుకాణం. పాట పేరు ఒక్కటే చెబితే క్యాసెట్ తీసేవాడు కాదు. "పాడిందెవరో చెప్పు, అప్పుడిస్త" అనేవాడు. తెలియదంటే తానే చెప్పి, ఆ పేరు వాళ్ల నోటితో పలికించాకే చేతిలో పెట్టేవాడు. జనానికి అది విసుగు. నాకూ విసుగే. "తిన్నంక, వండినామె ఎవరో అడగకుంట లేస్తమార అల్లుడా?" అనేవాడు నాతో.

సినిమా పాటలే కాదు, చుట్టుపక్కల ఊళ్లలో పాడేవాళ్లను పిలిపించి తానే రికార్డు చేసేవాడు. ఎల్దుర్తి దిక్కునుంచి వచ్చిన నర్సవ్వ అలాగే ఒక క్యాసెట్ నిండా నాట్ల పాటలు పాడింది. అట్ట మీద ఆమె ఫొటో, పెద్ద అక్షరాలతో ఆమె పేరు. వానాకాలం మొదలైతే చాలు, "నర్సవ్వ ఉన్నదా?" అంటూ ఆడవాళ్లు దుకాణానికి వచ్చేవారు.

తర్వాత నేను ఆ పక్కనే మొబైల్ షాపు పెట్టాను. పాటలు డౌన్‌లోడ్ చేసి మెమరీ కార్డులో నింపేవాణ్ణి. ఒక చాయ్ తాగేలోపు వందల పాటలు. ఎవరూ పాడినవాళ్ల పేరు అడగలేదు, పాట పేరు కూడా అడగలేదు. "మంచిమంచియి నింపు" అనేవాళ్లు, అంతే. నర్సవ్వ క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించింది నేనే. మామను అడగలేదు. పేరు కొట్టడానికి బద్ధకమై "నాట్లు 1, నాట్లు 2" అని పెట్టి వదిలేశాను. ఆ పాటలు కార్డు నుంచి కార్డుకు పాకాయి. ఎవరో వాటికి డీజే మోత కలిపారు. ఒక పెళ్లి బరాత్‌లో అది విని మామ నేరుగా నా షాపుకొచ్చాడు.

"పాట ఊరూరు తిరుగుతుందిర. మరి నర్సవ్వ యాడ వోయింది?"

"ఇప్పుడు పేరెవడు జూస్తడు మామా?" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి దుకాణానికి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఆయన దుకాణం ఖాళీ అయింది. పాటలు ఫోన్లలోకి వాటంతటవే రావడంతో నా డౌన్‌లోడ్ల పనీ పోయింది. నర్సవ్వ చనిపోయిన ఏడాదికి ఆమె బిడ్డ మామను వెతుక్కుంటూ వచ్చింది.

"అన్నా, మా అమ్మ గొంతు జర ఇప్పియ్యుండ్రి. ఫోన్ల ఉన్నదాంట్ల డీజే సప్పుడే ఇనవడ్తుంది, అమ్మ ఇనవడ్తలేదు."

మామ దగ్గరున్న అసలు టేపు బూజుపట్టి పాడైపోయింది. నా వైపు తిరిగాడు. "నీ కంప్యూటర్ల సాఫ్‌ది ఉండాలె గద?"

జాగా చాలక నేను ఎప్పుడో ఫార్మాట్ కొట్టేశాను. ఆ మాటే చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మోకాళ్లు సహకరించకపోయినా నెలరోజులు బస్సులెక్కి దిగుతూ తూప్రాన్ దాకా పాత గిరాకీల ఇళ్లన్నీ తిరిగాడు. సెలవు రోజుల్లో నేనూ వెంట వెళ్లాను. "గా క్యాసెట్లు ఇంక యాడియి, ఎప్పుడో పారేసినం" అన్నది ఒకామె. "ఫోన్ల కొట్టుండ్రి, వస్తది" అని ఒకాయన సలహా. అది విన్నప్పుడల్లా మామ పళ్లు కొరికేవాడు. చివరికి ఎల్దుర్తి దగ్గర ఒక రైతు ఇంట్లో నర్సవ్వ ఫొటో అట్ట దొరికింది. క్యాసెట్‌లో రీలు కొంచెమే మిగిలింది. మిగతాది చిలుకలు రాకుండా మక్కజొన్న చేలో కర్రలకు కట్టాడట.

"ఎండకు ఎండి, వానకు నానింది మామా. పలకదు" అన్నాను.

"నువ్వు జెప్పకు. నీ చేతుల ఉన్నప్పుడు పలికింది గద, ఏం జేసినవ్?" మామ నా మీద గొంతెత్తడం అదే మొదలు, అదే చివర.

చేలోని రీలు నిజంగానే పలకలేదు. క్యాసెట్‌లో మిగిలిన దాంట్లోంచి ఒక పాట పూర్తిగా, ఇంకోటి సగం వచ్చాయి. నర్సవ్వ బిడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మూడుసార్లు వింది. "గిదే అన్నా, గిదే మా అమ్మ" అంది. మామ మొహంలో మాత్రం సంతోషం లేదు. "పదకొండు పాడింది బిడ్డా, పదకొండు" అన్నాడు.

ఇప్పుడు ఏ పాట విన్నా పాడిందెవరో వెతుకుతాను. చాలాసార్లు దొరకదు, చిరాకు పుడుతుంది. ఆ చిరాకు నేర్పినందుకైనా ఆయనకు దండం పెట్టుకోవాలి.

మామను తలుచుకుంటే నాకు దుకాణం గుర్తుకు రాదు, ఆ మక్కచేనే కనిపిస్తుంది. భుజాల ఎత్తు మక్కల్లో కర్ర నుంచి కర్రకు నడుస్తూ, మెరిసే నల్లటి రీలును తెగకుండా విప్పి అరచేతికి చుట్టుకుంటున్నాడు. "తియ్యకుండ్రన్నా, చిలుకలు వడ్తయి!" అని గట్టుమీది నుంచి రైతు మొత్తుకుంటున్నాడు. మామ తల తిప్పలేదు. ఆయన దాటిపోయిన సాళ్లలో, ఆయన వెనకాలే, చిలుకలు ఒక్కొక్కటిగా దిగుతున్నాయి.