లేత్ ముందరి పలక

ప్రతి ఉదయం పాపయ్య తన లేత్ మిషన్ ముందున్న చెక్క పలకను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకునేవాడు. ఆ తరువాతే దాని మీద కాలు మోపేవాడు. బెంగళూరు పీణ్యలోని ఆ చిన్న వర్క్‌షాపుకు లేత్ జర్మనీ నుంచి వాడిన సరుకుగా వచ్చింది. పలక కూడా దానితోనే వచ్చింది. అప్పటికే దాని మీద రెండు పాదాల గుంతలు. అక్కడెవరో ఏళ్ళ తరబడి నిలబడగా పడినవి. పాపయ్య పాదాలు వాటిలో అమరిపోయాయి. ఏ జన్మ రుణానుబంధమో అని మొదటి రోజే దణ్ణం పెట్టుకున్నాడు.

ఈ ఏడు యజమాని హేమంత్‌కుమార్ కంప్యూటర్ మీద నడిచే మిషన్ తెప్పించాడు. పాతదాన్ని ఇథియోపియాలో ఎవరో కొన్నారు. కొత్తదాని తెర మీది అక్షరాలు పాపయ్య కళ్ళకు ఆనలేదు. నేర్పడానికి వచ్చినవాడు ఎంతో ఓపిక పట్టి, చివరికి ఇక లాభం లేదని మానుకున్నాడు.

దేశాలు ఎందుకు ముందుకు పోతాయో హేమంత్‌కుమార్ పుస్తకాల్లో చదివినవాడు. టీ వేళ చెప్పేవాడు.

"జర్మనీ అట్లాంటివి చలిదేశాలప్పా. పని చేయకుంటే బతకలేరు. మనది ఎండ, ఒళ్ళు బద్ధకం."

"నేనేమన్నా బద్ధకంగా ఉండానా సామీ?" అన్నాడు పాపయ్య.

"నిన్ను కాదన్నా, దేశాన్ని అంటిని."

టీ తెచ్చిన మునిలక్ష్మి ఊరుకోలేదు. "చలీ లేదు, గిలీ లేదు. మనల్ని దోచుకునిపోయి బాగుపడినారు."

"జర్మనీవాళ్ళు మనల్ని ఎప్పుడు దోచినారక్కా?" అన్నాడు హేమంత్‌కుమార్.

"వాళ్ళు కాకుంటే వాళ్ళ పక్కింటోళ్ళు!"

అందరూ నవ్వారు. ఆమె చక్కెర వేయని గ్లాసును, అడగకుండానే, పాపయ్య చేతికిచ్చింది.

"సరే, దేశాలన్నీ మెట్లెక్కుతా ఉండాయనుకోండి," అన్నాడు హేమంత్‌కుమార్. "జర్మనీ వదిలింది మనం పట్టుకుంటిమి. మనం వదిలింది ఇథియోపియా పట్టుకుంటాది. అందరూ ఎక్కేవాళ్ళే."

"మరి నేను ఏ మెట్టు మీద ఉండాను సామీ?"

హేమంత్‌కుమార్ గ్లాసు కింద పెట్టాడు. "గేటు కాడ కుర్చీ వేయిస్తానన్నా, కాపలా చూసుకుందువు," అన్నాడు. మంచివాడే.

లేత్‌ను పెట్టెలో బిగించే రోజు, ప్యాకింగ్ చేసే సురేశ్ పలకను కాలితో పక్కకు నెట్టాడు. పాపయ్య వంగి దాన్ని ఎత్తుకున్నాడు.

"ఇది కూడా పోవల్ల కదప్పా."

"ఊరికే చెక్క వేస్తే షిప్పులో ఒప్పుకోరు తాతా. పురుగుంటుందంటారు. మందు పట్టించి స్టాంప్ కొట్టించాలి. దీనికోసం ఎవరు తిరుగుతారు?"

పాపయ్య పలకను ఎదకు ఆనించుకుని యజమాని గది వాకిట నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఆ వాకిట ఏదీ అడిగి ఎరగడు.

"సామీ, నాకు కుర్చీ ఉండాది. ఆడ మిషన్ ముందర నిలబడేవాడికి వట్టి సిమెంటు మీద కాళ్ళు పీకుతాయి. దీనికి మందు పట్టించి, మిషన్‌తో పాటు పంపించు సామీ."