పదినిమిషాల తర్వాత రెండో ప్రశ్న

అంబ్రోజి కుల్పా గారికి ఉన్నది ఒక్కటే జబ్బు, అనుమానం. బీపీకి మందుంది, షుగరుకు మందుంది, దీనికి లేదు. ఎవరు ఏ జవాబు చెప్పినా ఆయన సరిగ్గా పదినిమిషాలు ఆగి, అదే ప్రశ్నను తిరగేసి మళ్లీ అడుగుతారు. రెండు జవాబులూ కలిస్తే ఆకుపచ్చ డైరీలో ఒక టిక్కు, కలవకపోతే సున్న. మా ఎనామెల్ గిన్నెల ఫ్యాక్టరీలో ఆ సున్న పడని మనిషి లేడు. డైరెక్టరు జరెంబా గారికే పన్నెండు ఉన్నాయని చెప్పుకునేవాళ్లు.

క్యాంటీన్‌లో వంట చేసే తెక్లాకైతే లెక్కే లేదు.

"తెక్లా గారూ, ఇవాళ బీట్‌రూట్ సూప్ బాగా కుదిరిందా?"

"బ్రహ్మాండంగా కుదిరింది. పట్టండి గిన్నె."

కుల్పా గారు మూలబల్ల దగ్గర కూర్చుని సగం తాగి, గడియారం చూసుకుని, మళ్లీ లేచి వచ్చారు.

"ఇవాళ సూప్‌లో ఏం తగ్గింది?"

"పులుపు తగ్గిందండీ, నిన్నటి నుంచీ మొత్తుకుంటున్నా, ఆ దుంపలే అంత..." అని తెక్లా నాలిక్కరుచుకుంది.

డైరీ బయటికొచ్చింది. సున్న పడింది.

"అయ్యా మహానుభావా, తిండికొచ్చావా, విచారణకొచ్చావా?" అని తెక్లా గరిటె ఎత్తింది.

ఆయన పెళ్లిలో కూడా ఇదే వరస. చర్చిలో ఫాదర్ గారు అడిగితే హలీనా గారు నలుగురి ముందూ ఇష్టమేనని చెప్పారు. బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాక, కుల్పా గారు గడియారం చూసి, "ఒకవేళ నన్ను చేసుకోవడం ఇష్టం లేదా?" అన్నారట. "ఇంకొక్కసారి అడిగితే ఇష్టం లేదు" అందట ఆవిడ. ముప్ఫై ఏళ్లలో ఆయన పూర్తిగా నమ్మిన జవాబు అదొక్కటే.

ఇలాంటి మనిషికి ఏ ఉద్యోగం ఇవ్వాలి? మా వాళ్లు సర్వేల ఉద్యోగం ఇచ్చారు. ఏటా ఫిబ్రవరిలో వార్సా హెడ్డాఫీసు ఐదు ఫ్యాక్టరీలకూ ప్రశ్నల నమూనా పంపేది, కాగితాలు ఎవరివి వాళ్లే అచ్చు వేయించుకోవాలి. ఉద్యోగం ఎలా ఉంది, పై అధికారులు ఎలా ఉన్నారు, ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వెయ్యండి, కింద రెండు లైన్లలో మీ మాట రాయండి, పేరు అక్కర్లేదు. తర్వాత ఐదు ఫ్యాక్టరీల మార్కులూ పక్కపక్కన పెట్టి ర్యాంకులు ఇచ్చేవాళ్లు. అంతకు ముందేడు మాది నాలుగో ర్యాంకు. ఐదో ఫ్యాక్టరీ ఆ ఏడు సగం తగలబడింది కాబట్టి నాలుగైనా వచ్చింది.

జరెంబా గారికి అది తలవంపులుగా తోచింది. ఆయన ఒక ఉపాయం పన్నారు. సర్వేను కొవ్వు గురువారం నాడు పెట్టించారు. నలభై రోజుల ఉపవాసాలకు ముందొచ్చే ఆ గురువారం మా దేశంలో పోంచ్కి తినని మనిషి ఉండడు. నూనెలో వేయించి, లోపల గులాబీ రేకుల పాకం కూరిన ఆ ఉండలు ఒక్కటైనా తినకపోతే ఏడాదంతా కలిసిరాదని నమ్మకం. ఆ రోజు ప్రతి మనిషి చేతిలోనూ ఒక సర్వే కాగితం, రెండు పోంచ్కి పెట్టారు. ఖర్చు డైరెక్టరు గారిదే. మూతులకు పంచదార అంటించుకుని మాలో చాలామందిమి ఐదులు వేసేశాం.

నేను మాత్రం కింద రెండు లైన్లూ రాశాను. నా పేరు లుత్సినా. కొలిమి గదిలో గిన్నెలు కాల్చే పని నాది. "మా గదిలో ఫ్యాన్ ఆగిపోయి మూడేళ్లయింది. డైరెక్టరు గారి గదిలో రెండు తిరుగుతున్నాయి. ఒకటి మాకు అప్పివ్వండి" అని రాశాను. రాసేటప్పుడు మహా సరదాగా ఉంది. పోంచ్కి మహిమ అనుకుంటాను.

ఆ శనివారమే చెమట కళ్లలో పడి, కనబడక, గిన్నెలు పెట్టే ఇనప తట్ట ఎర్రగా కాలి ఉంటే దాని మీద కుడి మణికట్టు ఆన్చాను. కట్టు కట్టి, నెల రోజులు తేలిక పని చెయ్యమని కుల్పా గారి గదికి పంపారు. కాగితాలు లెక్కపెట్టడానికి ఎడమ చెయ్యి చాలుగా అన్నారు. నాది పుట్టు ఎడమచేతివాటం. అక్షరాలు వెనక్కి వాలి, గాలికి పడిపోతున్న కంచెలా ఉంటాయి. అలా రాసే మనిషి ఫ్యాక్టరీ మొత్తంలో నేనొక్కదాన్నే.

కుల్పా గారు ఒక్కో కాగితాన్నీ కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తున్నారు.

"ఏం చూస్తున్నారండీ?"

"నూనె మరక. మరకున్నవి ఇటు, లేనివి అటు పెట్టండి."

పెట్టాను. మొత్తం మూడొందల పన్నెండు. నూనె మరకలున్న కాగితాల సగటు నాలుగున్నర. మరకల్లేనివి, అంటే తినకముందే నింపినవి, మూడు కూడా దాటలేదు.

"చూశారా లుత్సినా గారూ? మనం కొలిచింది సంతృప్తిని కాదు, పోంచ్కిని."

అంతటితో ఆగితే ఆయన కుల్పా ఎందుకవుతారు? మా కాగితాలు అచ్చు వేయించేటప్పుడు ఎవరికీ చెప్పకుండా సర్వేలో కూడా ప్రశ్నలు తిరగేసి పెట్టారాయన. నాలుగో ప్రశ్న, "మీ పై అధికారి మీ మాట వింటారా?" పద్దెనిమిదో ప్రశ్న, "మీ మాట ఎవరూ వినడం లేదా?" రెండింటికీ ఐదేసి మార్కులు వేసిన మహానుభావులు అరవై మంది తేలారు. వాళ్లలో నేనూ ఉన్నాను, చెప్పలేదు.

"హెడ్డాఫీసు వాళ్లు నూటికి ఎంతమంది నింపారో చూసి సర్వే బాగా జరిగిందంటారు" అని గొణిగారు. "మొదటి ర్యాంకు ఫ్యాక్టరీలో నూటికి తొంభై ఎనిమిది మందట! మా మేనత్త అంత్యక్రియలకు కూడా అంతమంది రాలేదు. అక్కడ భోజనాలు కూడా పెట్టాం."

ఇక్కడిదాకా నవ్వులాటే. కానీ ఆయన కత్తెర తీసి ప్రతి కాగితం కిందా రాసిన రెండు లైన్లనూ కత్తిరించడం మొదలుపెట్టేసరికి నా నవ్వు ఆగింది. నూట నలభై చీటీలు తేలాయి. ఒక్కోదాన్నీ భూతద్దం పెట్టి చూసి, డైరీలో గీతలు గీసి, గుడ్డసంచీలో వేసుకుని సాయంత్రం ఇంటికి పట్టుకుపోయారు. చేతిరాతలతో ఈయనకేం పని?

మర్నాడు ఆయన నా వైపు చూడకుండానే అడిగారు. "లుత్సినా గారూ, మీరు ఎడమ చేత్తో రాస్తారా?"

"అవునండీ."

పదినిమిషాలు గడిచాయి. నాకు పది గంటల్లా గడిచాయి.

"కుడి చేత్తో ఎప్పుడూ రాయరా?"

"రాయనండీ."

"రెండూ కలిశాయి" అని డైరీలో టిక్కు పెట్టుకున్నారు. ఊళ్లో అందరూ ఆ టిక్కు కోసం ఏళ్ల తరబడి ఏడుస్తుంటే, నాకు మాత్రం సున్న పడితే బాగుండనిపించింది.

శుక్రవారం జరెంబా గారు మా గదిలోకి ఊడిపడ్డారు. చేతిలో కుల్పా గారు టైపు చేసిచ్చిన పట్టిక ఉంది, అందరి మాటలూ వరుసగా ఉన్నది.

"పదిహేడో నంబరు! ఈ ఫ్యాను మనిషెవరు?"

"పేరు అక్కర్లేదని మనమే రాశాం కదండీ" అన్నారు కుల్పా గారు.

"పేరు నాకూ అక్కర్లేదు. సోమవారం ఆ చీటీలు నా బల్ల మీద ఉండాలి. సెలవు చీటీలు అందరివీ నా దగ్గరున్నాయి. పక్కపక్కన పెట్టి చూసుకుంటా."

"తప్పకుండానండీ. నాకూ చేతిరాతల మీద నమ్మకం లేదు" అన్నారు కుల్పా గారు. అని నా ఎడమ చేతి వైపు చూశారు. ఆ చెయ్యి బల్ల కింద దాచుకున్నాను.

జరెంబా గారిది ఉత్త బెదిరింపు కాదు. ఐదేళ్ల కిందట నోటీసు బోర్డు మీద ఎవరో వెటకారంగా చీటీ అంటిస్తే, ఇలాగే రాత పోల్చి కనిపెట్టి, నెల తిరక్కుండా అతన్ని ఇంటికి పంపారు. మా ఊళ్లో ఇంకో ఫ్యాక్టరీ లేదు. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్ని.

తెక్లా దగ్గర ఏడ్చాను.

"ఆ సంచీ చూసినప్పుడే నాకు డౌటొచ్చిందే పిల్లా," అంది తెక్లా. "అది పాతకాలపు ఘటం. కమ్యూనిస్టుల కాలంలో ఎవరి మీద పోలీసులకేం రాసిచ్చాడో! అందరినీ అనుమానించేవాడినే ముందు అనుమానించాలి."

"మరి నేనేం చెయ్యను?"

"సూప్ తాగు" అని గిన్నె నిండా పోసింది.

సోమవారం సంచీ మొయ్యడానికి నన్నే తోడు రమ్మన్నారు కుల్పా గారు. సొంత ఉరితాడు మోసుకెళ్లినట్టు మోశాను. జరెంబా గారు సెలవు చీటీల కట్ట విప్పి సిద్ధంగా పెట్టుకున్నారు. సంచీలోంచి ఒక చీటీ తీశారు. రెండోది తీశారు. పదోది తీశారు. తర్వాత సంచీ మొత్తం బల్ల మీద గుమ్మరించారు.

నూట నలభై చీటీలూ ఒకే రాత. గుండ్రంగా, నిటారుగా, ఆకుపచ్చ సిరాతో ఉన్నాయి.

"ఏంటయ్యా ఇది? ఇవన్నీ ఒక్కడే రాశాడు!"

"నేనేనండీ."

"సర్వే మొత్తం నువ్వే రాశావా?"

"మాటలు వాళ్లవి, రాత నాది. చేతిరాత చీటీలు ఫైల్లో ఉండాలని రూలు. ఉన్నాయి. ఎవరి చేతిరాతో రూల్లో లేదు."

"అసలువి ఏవి?"

"మా ఇంటి పొయ్యిలో కాల్చేశాను. పదకొండేళ్ల నుంచీ ఇంతే, ఇంతవరకు ఎవరూ అడగలేదు. మా హలీనాను అడగండి. కావాలంటే పదినిమిషాలాగి మళ్లీ అడగండి."

జరెంబా గారి మొహం మా కొలిమిలా ఎర్రబడింది. "నా మీద అంత అనుమానమా నీకు?"

"అబ్బే, మీ మీద కాదండీ, నా మీద. నాకు ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది, పిరికివాణ్ణి. మీరు గట్టిగా అడిగితే ఇచ్చేస్తానేమోనని నాకు ఏళ్ల తరబడి అనుమానం. అందుకే ఇవ్వడానికి ఏమీ లేకుండా చూసుకుంటాను."

అని డైరీ తెరిచి బల్ల మీద పెట్టారు. పదకొండేళ్ల గీతలు. రాత గుర్తుపడతారేమోనన్న భయంతో బడిపిల్లల్లా విడివిడి అచ్చక్షరాలతో రాసినవాళ్లు మొదటి ఏడు నూటికి ఎనభై మంది. ఈ ఏడు పన్నెండు మంది.

"సర్వే పనిచేస్తోందో లేదో తేల్చడానికి నేను కొలిచేది ఈ భయం ఎంత తగ్గిందన్నదొక్కటేనండీ. హెడ్డాఫీసుకు కూడా ఇదే రాశాను, నూనె మరకల లెక్కతో సహా. పొద్దున్నే పోస్టులో వేశాను. మీరు ఆపుతారని అనుమానం వచ్చింది."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండింటినీ ఎక్కడ దాచుకోవాలో తెలియక ఖాళీ సంచీ మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

హెడ్డాఫీసు వాళ్లు ఆ ఏడు మా ఫ్యాక్టరీకి ర్యాంకే ఇవ్వలేదు. పైగా అన్నిచోట్లా అచ్చక్షరాలు లెక్కపెట్టమన్నారు. మొదటి ర్యాంకు ఫ్యాక్టరీలో నూటికి తొంభై ఏడు మంది అచ్చక్షరాలే వాడారట. ఫ్యాను సంగతి ఏమైందని వార్సా నుంచి మూడు ఉత్తరాలొచ్చాక, జూన్‌లో జరెంబా గారి గదిలోంచి ఒక ఫ్యాను మా గదికి దిగింది. అప్పు అని రసీదు మీద సంతకం కూడా పెట్టించుకున్నారు.

కుల్పా గారు చూడ్డానికి వచ్చారు. ఫ్యాను కింద నిలబడి, టోపీ తీసి, గాలి ఎంతవరకు నిజమో తేల్చుకుంటున్నారు.

"కుల్పా గారూ, ఆ చీటీ నాదని మీకు తెలుసా?" అని అడిగాను.

"నాకెలా తెలుస్తుంది? తెలియదు."

నేను నా పని చేసుకున్నాను. రెండు తట్టలు కొలిమిలో పెట్టి, రెండు బయటికి తీశాను. గోడ గడియారం చూసుకున్నాను.

"కుల్పా గారూ, నాదని మీకు ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. వెనక్కి వాలిన అక్షరాలు, ముందు అదే కాల్చేశా..." అని ఆయన నాలిక్కరుచుకున్నారు.

ఆయన జేబులోంచి ఆకుపచ్చ డైరీ నేనే లాగి, అంబ్రోజి కుల్పా అని పేరు రాసి, ఎదురుగా నా ఎడమ చేత్తో ఇంత పెద్ద సున్న చుట్టాను.