అక్క సర్దని చీటీలు

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, రేపల్లెలో మా వీధివాళ్ళు ఈనాటికీ పక్కింటి అక్కకు ఉద్యోగం అదృష్టంకొద్దీ వచ్చిందంటారు. ఆమె కసి తీర్చుకుని తెచ్చుకుంది. నేను చూశాను.

అక్క తెనాలిలో కోబాల్ అనే కంప్యూటరు భాష నేర్చుకునేది. ఒక్కదాన్నే పంపరు కాబట్టి సెలవుల్లో నేనూ రైలెక్కేదాన్ని. కరెంటు బిల్లుల కోసం ఆమె రాసిన ప్రోగ్రామును తోటి విద్యార్థి ఒకడు ఫ్లాపీలోకి ఎత్తుకుని, తనదని సారుకు చూపించేశాడు. గుంటూరు నుంచి మెయిన్‌ఫ్రేమ్ ఆఫీసువాళ్ళు, అంటే పెద్ద కంప్యూటరు మీద కరెంటు బిల్లులు వేసేవాళ్ళు, మనిషిని ఎంచుకోవడానికి వస్తున్నారు. ఉన్నది ఒక్కటే ఉద్యోగం. అక్క ఎంత మొత్తుకున్నా సారు నమ్మలేదు. అతని ఫ్లాపీలోదంతా చెరిగిపోయేలా అయస్కాంతంతో రుద్దేస్తానన్నాను. అక్క వద్దంది.

ఆ ప్రోగ్రాము నడిచేది సీక్వెన్షియల్ ఫైలు మీద. అందులో ఇళ్ళ వివరాలు నంబర్ల వరుసలో ఉంటాయి. యంత్రం మొదటినుంచి ఒక్కొక్కటే చదువుతూ ముందుకే పోతుంది, దాటినదానికోసం వెనక్కి రాదు. మీటరు రీడింగులూ అదే వరుసలో ఎక్కించాలి. ఇదంతా లైబ్రరీ పుస్తకంలో నాకు నేనే చదువుకున్నాను. అక్క ఎప్పుడూ రీడింగులు రాసిన చీటీలను నంబర్ల వరుసలో పేకముక్కల్లా సర్దుకున్నాకే టైపు చేసేది. అది ఆ తోటి విద్యార్థి గమనించలేదు.

ఆఫీసువాళ్ళు వచ్చిన రోజు అతను చీటీల కట్ట అక్క ముందు పడేశాడు.

"ఏంటి చెల్లాయ్, మొహం అలా పెట్టావు? కాస్త ఇవి కొట్టిపెట్టు."

"అలాగే అన్నయ్యా."

అక్క సర్దకుండా, ఉన్నవి ఉన్నట్టే కొట్టసాగింది. నేను నోరు తెరవబోతే బల్ల కింద నా తొడ గిల్లింది.

ప్రోగ్రాము నడిచింది. కాగితమంతా ఒకటే మాట: ఈ నంబరు లేదు, ఈ నంబరు లేదు.

"మా ఇళ్ళన్నీ ఏమైపోయాయయ్యా?" అన్నాడు వచ్చినాయన.

ప్రోగ్రాము తనదన్నవాడు చెమటలు తుడుచుకుంటూ అక్కవైపు తిరిగాడు. "మీరు రాసిందే కదండీ అన్నయ్యా, మీకు తెలియదా?" అంది అక్క, ఎంతో మర్యాదగా. అతను తెల్లబోయేదాకా ఆగి, అప్పుడు చీటీలు వరుసలో సర్ది మళ్ళీ కొట్టింది. ఈసారి బిల్లులన్నీ వచ్చాయి. ప్రోగ్రాము ఎవరిదో వచ్చినవాళ్ళకు అర్థమైంది, ఉద్యోగమూ అక్కకే వచ్చింది.

తిరుగు రైల్లో పకోడీలు కొనిపెట్టింది. అంత రుచైనవి మళ్ళీ తినలేదు.

నా పనిని తమదని చెప్పుకున్నవాళ్ళు తర్వాత చాలామందే తగిలారు. ఎవరితోనూ గొడవ పడలేదు. నలుగురి ముందు చేసి చూపించమని, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాను.