షాంపూ కంపెనీలో వాటా

పార్లర్‌లో తలలు కడగడం ఆ అమ్మాయి పని. నీళ్ళు ముందు తన మణికట్టు మీద పోసుకుని చూస్తుంది. వేడి సరిపోయాకే ఎదుటివారి నుదుటికి తగలనిస్తుంది. ఆ వేళ్ళు చెవుల వెనక నెమ్మదిగా తిరుగుతుంటే, వచ్చినవాళ్ళు కళ్ళు మూసుకుని ఏవేవో చెబుతారు. ఒకరోజు తన ఈడు పిల్ల ఒకతె తడిజుట్టుతోనే ఫోన్ తీసి, యాప్‌లో షేర్లు కొనడం చూపించింది. "రీచార్జ్ చేసుకున్నంత సులువే!" అంది. అందులోని కంపెనీల పేర్లలో అమ్మాయికి తెలిసింది ఒక్కటే, రోజూ చేతపట్టే షాంపూ కంపెనీ. ఒక షేరు కొనుక్కుంది. అప్పటినుంచి, కంపెనీ పెరగాలని, సీసాను ఒకసారి నొక్కాల్సిన చోట రెండుసార్లు నొక్కుతోంది.

సీసాలు త్వరగా ఖాళీ అవుతున్నాయని యజమానురాలు పసిగట్టింది.

"ఏనుగుకి తలంటుతున్నావా ఏంటే? రేపట్నుంచి చవక రకం తెప్పిస్తా."

అమ్మాయి ముఖం వాడిపోయింది. "వద్దక్కా. అది మన కంపెనీ. నేనొక షేరు కొన్నాను. మనమే మానేస్తే పడిపోదూ?"

యజమానురాలు నవ్వబోయి ఆగింది. పనిలో చేరినప్పటినుంచి ఈ పిల్ల దేన్నైనా 'మనది' అనడం ఆమె వినలేదు. పక్క కుర్చీలో కూర్చుని తన ఫోన్ అందించింది.

"పడనివ్వంలే. నాకూ ఒకటి కొనిపెట్టు. సీసా మాత్రం నెలంతా రావాలి, తల్లీ."