దూడ పొట్టకు ఆనించిన చెవి

నాగాయలంకలో మా పశువుల డాక్టరమ్మ మెడలో స్టెతస్కోపు వేలాడుతూనే ఉండేది. ఆవిడ మాత్రం వంగి దూడ పొట్టకు చెవి ఆనించేవారు.

మా గేదెదూడకు విరేచనాలు పట్టుకుంటే అమ్మ పాలు మాన్పించి గంజి పట్టింది. దూడ నీరసించి లేవలేకపోయింది. డాక్టరమ్మ వచ్చి, పేడలోనే మోకాళ్ళూని, చాలాసేపు విన్నారు.

"మందు నేనిస్తాను. పాలు మాత్రం ఆపకండి పిన్నిగారూ. లోపల పాల మీద బతికే మంచి సూక్ష్మజీవులున్నాయి. అవి ఆకలితో ఉన్నాయి, వినపడుతోంది."

వినపడుతోందనేసరికి అమ్మ ఆ పూట పాలకేంద్రానికి పోయకుండా దూడకే కొద్దికొద్దిగా పట్టింది. వారం తిరక్కుండా అది గంతులేసింది.

ఆవిడ గుడివాడకు బదిలీ అయి వెళ్తుంటే బస్సు దగ్గర అడిగాను, నిజంగా ఏం వినపడేదని.

"సూక్ష్మజీవుల సడి ఎవరికి వినపడుతుందండీ? ఊరికే చెబితే మీ అమ్మగారు గంజే పట్టేవారు."