నాన్నగారి గదిలో నెట్

మా ఇంట్లో నెట్ ఎంత వేగంగా వస్తుందో రాసుకోవడానికి నేనొక నోటు పుస్తకం పెట్టాను. హాల్లో ఇంత, వంటింట్లో ఇంత, నాన్నగారి గదిలో ఇంత అని రోజుకు మూడుసార్లు ఫోన్‌తో కొలిచి రాసేవాణ్ణి. కోకాపేటలో ఒక టవరులో నా ఉద్యోగం. ఎక్కడెక్కడి కంపెనీల సర్వర్లు ఎందుకు నెమ్మదించాయో హఫీజ్‌పేట్‌లో మా ఇంట్లో కూర్చునే కనిపెడుతుంటాను. అలాంటివాడికి సొంత ఇంట్లో వీడియో కాల్ ఆగిపోతుంటే ఒళ్లు మండదా?

మండడానికి అసలు కారణం వేరే ఉంది. నాన్నగారు కాకినాడలో టెలిఫోన్ శాఖలో లైన్లు చూసి రిటైరయ్యారు. ఆయనకు పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. కాలూ చెయ్యీ స్వాధీనంలోకి వచ్చాయి గాని మాట రాలేదు. అన్నీ తెలుస్తాయి, చెప్పబోతే నోటికి మాట అందదు. మాట నేర్పే డాక్టరమ్మ రోజూ పదకొండింటికి వీడియోలో వస్తుంది. ఆవిడ పెదవులు చూస్తూ ఆయన పలకాలి. ఈ నెలలే ముఖ్యం, ఒక్కరోజు కూడా మానొద్దని ఆవిడ ముందే చెప్పింది. సరిగ్గా ఆవిడ నోరు తెరిచినప్పుడే బొమ్మ బిగుసుకుపోయేది. బిగుసుకుపోయిన ఆ నోటివంకే చూస్తూ నాన్నగారు కూడా నోరు తెరుచుకుని కూర్చునేవారు. నేను చూడలేక బయటికి వచ్చేసేవాణ్ణి.

మా కాలనీకి నెట్ ఇచ్చేది మెదక్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ ఒక కేబుల్ ఆయన. ఎనిమిదేళ్లుగా ఆయనే. ఫోన్ చేస్తే గంటలో స్కూటర్ మీద వచ్చి, మెట్ల దగ్గరున్న డబ్బాలో మా వైరును తన లాప్‌టాప్‌కు తగిలించి చూసేవాడు.

"ఈడిదాంక వంద ఎంబీ ఫుల్లు వస్తున్నది సార్. ఇంట్ల జర చూడుండ్రి," అనేవాడు.

"ఇంట్లో చూడ్డానికేముంది, వైఫై పెట్టె మీరిచ్చిందేగా?" అని నేను విసుక్కునేవాణ్ణి.

ఆ పెట్టె ఉన్నది పూజగదిలో. బిల్డరు స్టోరు గదిగా కట్టి అందులో వైరు పాయింటు పెట్టాడు, మేం అక్కడే దేవుణ్ణి పెట్టుకున్నాం. పెట్టె తలుపు వెనక అరలో ఉంటుంది, బయటికి కనపడదు. దాని స్విచ్చి మాత్రం బయటి గోడకుంది. స్నానం చేయనిదే ఆ గడప దాటకూడదన్నది అమ్మ శాసనం. పొద్దున్నే ఆఫీసు కాల్స్ మొదలయ్యే నాకు స్నానం మధ్యాహ్నానికి గాని తెమలదు, ఆ తర్వాత మళ్లీ కాల్స్. కేబుల్ ఆయనేమో, "పొద్దుగాల యాట కూర తిన్న సార్, దేవుని అర్రలకు రాను," అని వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి గడప దగ్గరే ఆగిపోయేవాడు. ఇద్దరం బయటే నిలబడి, స్విచ్చి ఓసారి ఆపి వేసి, చేయాల్సిందంతా చేశామనుకునేవాళ్లం.

ఇక లాభం లేదని కంపెనీ మార్చేద్దామనుకున్నాను. కొత్త కంపెనీ ప్రకటనలో 'మూడువందల వరకు' అని ఉంది. ఆ 'వరకు' అనే మాటకు పడిపోయే రకాన్ని కాదు నేను. మా అపార్ట్‌మెంటులోనే వాళ్ల కనెక్షన్ ఉన్న రెండో అంతస్తువాళ్లింటికీ నాలుగో అంతస్తువాళ్లింటికీ వెళ్లి, కాఫీలు తాగి, పెట్టె పక్కన ఎంత, రెండు గోడల అవతల ఎంత అని కొలిచాను. పెట్టె పక్కన రెండువందల డెబ్భై, చివరి గదిలో డెబ్భై. నాన్నగారి గదికి ఎంత తక్కువ వేసుకున్నా యాభై వస్తుందని తేల్చాను. అప్పుడు వస్తున్నది ఒకటి, మహా అయితే ఒకటిన్నర.

నేను కొలుస్తున్నంతసేపూ నాన్నగారు నా వెనకే తిరిగేవారు. నా చెయ్యి పట్టుకుని ఆపి, తన పిడికిలి బిగించి, రెండో అరచెయ్యి దానిమీద బోర్లించి చూపించేవారు.

"ఆకలేస్తోందిరా ఆయనకి. మూతపెట్టిన ఉప్మా అడుగుతున్నారు," అని అమ్మ పళ్లెం తెచ్చేది. ఆయన నావంక ఒకసారి చూసి, నిట్టూర్చి, తినేవారు. నేను కొలిచిన ఆ పదిహేను రోజుల్లో తిన్నంత ఉప్మా ఆయన సర్వీసు మొత్తంలో తిని ఉండరు.

పాత పెట్టె తీసుకెళ్లమని కేబుల్ ఆయనకు ఫోన్ చేశాను. ఎప్పటిలాగే గంటలో వచ్చాడు. "మంచిదే సార్. పెద్దసారుకు మంచిగ కనవడాలె, గంతే," అన్నాడు. అమ్మ మంగళవారం సంతకు వెళ్లింది. నాకు స్నానం కాలేదు, ఆయన గడప దాటడు. ఇంట్లో స్నానం, పూజ అయిన మనిషి నాన్నగారొక్కరే.

"నాన్నగారూ, ఆ పెట్టె కొంచెం తెచ్చిస్తారా?" అన్నాను. ఇన్నాళ్లలో నెట్ గురించి నేను ఆయన్ని అడిగిన మొదటి మాట అదే.

ఆయన లోపలికెళ్లారు. పెట్టె తేలేదు. పులిహోర కలిపే పెద్ద స్టీలు బేసిను పట్టుకొచ్చారు. పిడికిలి బిగించి, బేసినును దానిమీద బోర్లించి, మా ఇద్దరికీ చూపించారు.

నాకంటే ముందు కేబుల్ ఆయనకే అర్థమైంది. "దీనికింద పెట్టిండ్రా పెట్టెను? గింత గిన్నె మూస్తే ఇగ సిగ్నల్ ఏడికెళ్లి వస్తది సార్?"

నాన్నగారి గదిలోకి వెళ్లి కొలిచాను. నలభై రెండు.

సిగ్గుతో చచ్చిపోయాను. లైన్ల మనిషిని ఇంట్లో పెట్టుకుని, నోటు పుస్తకం పట్టుకుని నేను ఊరంతా తిరిగాను. మాట పోయింది కదా అని ఆయన్ని అడగడమే మానేశాను. కేబుల్ ఆయనతో, "ఏమీ అనుకోకండి, తప్పు మాదే," అన్నాను.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. కొత్తోళ్లకు వద్దని ఫోన్ కొట్టుండ్రి," అన్నాడు.

అంతలో అమ్మ కూరల సంచీతో వచ్చింది. నాన్నగారికి జబ్బు చేసినప్పటినుంచి ఆవిడ దీపాలు పెంచింది. నూనె చుక్కలూ అగరొత్తి నుసీ పడతాయని పెట్టెమీద బేసిను బోర్లించిందట. "ఈయన రెండుసార్లు తీసేశారు కూడానురా, నేనే మళ్లీ పెట్టాను. ఇలా ఇవ్వండి, నుసి పడుతుంది," అంటూ అలవాటుగా చెయ్యి చాపింది.

నాన్నగారు బేసిను వదల్లేదు. అమ్మ ఒకవైపు లాగింది, ఆయన ఒకవైపు లాగారు. ఆయన మెడ నరాలు ఉబ్బాయి, పెదవులు రెండుసార్లు కదిలాయి.

"వద్దు," అన్నారు. ఒక క్షణం ఆగి, "పెట్టొద్దు," అన్నారు.

డాక్టరమ్మ పాఠంలో ఆ మాటలు లేవు. నాలుగు నెలల తర్వాత విన్న ఆ గొంతు మా నాన్నగారిదే, ఏమీ మారలేదు. అమ్మ గుమ్మంలోనే చతికిలబడింది. సంచీలోంచి టమాటాలు మెట్లమీదికి దొర్లిపోతున్నా చూసుకోకుండా, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ కేబుల్ ఆయనవైపు తిరిగింది.

"విన్నారా బాబూ, మళ్లీ నాకు అడ్డం చెప్తున్నారండీ," అంది.